అనంతగిరి మలుపులో ఒక గాలి బుడగ

విశాఖపట్నం నుంచి అరకు లోయకు రోడ్డు మార్గం సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలసల మీదుగా శృంగవరపుకోట చేరేవరకు అది మైదాన ప్రయాణమే. ఆ తరువాత తూర్పు కనుమలు మొదలవుతాయి. గత డిసెంబరులో నేనూ, మా శ్రీమతీ మా పాత కారులో తెల్లవారుజామునే బయలుదేరాము. ముప్పై ఏళ్లుగా కర్మాగారంలో యంత్రాల నిర్వహణ చూస్తున్నవాడిని గనుక బండి విషయమై నాకు ఎట్టి సందేహమూ లేదు. అదే నా పొరపాటు.

టైడా దాటిన కొంతసేపటికి, పొగమంచు ఇంకా విడని ఒక మలుపులో, మూడో గేరు నుంచి రెండుకు మార్చబోయాను. క్లచ్ పెడల్ ఏ నిరోధమూ లేకుండా అడుగుకు పడిపోయింది. గేర్లు కరకరమన్నాయి, ఇంజను ఆగిపోయింది. ఒక పక్క కొండ, మరో పక్క లోయ. బ్రేకు ఆయిలుకు వేరే డబ్బా ఉండటం మా అదృష్టం. మా శ్రీమతి ఏమీ అనలేదు గాని, ఆమె చేయి తలుపు పిడిని గట్టిగా పట్టుకునే ఉంది.

వెనుక వచ్చిన ఒక సర్వీసు జీపు ఆగింది. డ్రైవరు పాతికేళ్లవాడు. అతని సైగల మేరకు బండిని బ్రేకు మీద మెల్లగా వెనక్కి దించి, చదునైన అంచున నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టాము. బానెట్ ఎత్తి చూసి అతను, "ఎయిర్ పట్టేసింది బాబూ. ఆయిలు చూసి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. కర్మాగారంలో ప్రతి యంత్రపు ఆయిలు మట్టాన్నీ వారం వారం నమోదు చేయించే నేను, ఈ డబ్బా మూత తీసి నాలుగేళ్లు దాటింది!

సూత్రం చిన్నదే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్లోని ద్రవం గొట్టం ద్వారా స్లేవ్ సిలిండర్ పిస్టన్‌ను నెడుతుంది. అది ఫోర్కును కదిపి క్లచ్‌ను విడదీస్తుంది. ద్రవం నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో బుడగ చేరితే మన కాలి బలమంతా దానిని నలపడానికే సరిపోతుంది. మా బండిలో గొట్టపు నట్టు వదులై ఆయిలు బొట్టుబొట్టుగా కారిపోగా, ఏటవాలులో డబ్బా అడుగు నుంచి గాలి లోపలికి చేరింది.

అతను పానాతో ఆ నట్టు బిగించి, తన సీటు కింది బ్రేక్ ఆయిలు డబ్బా తెచ్చి నింపాడు. స్లేవ్ సిలిండర్ నిప్పిల్‌కు సన్నని పారదర్శకపు గొట్టం తగిలించి, రెండో కొస సీసాలోని ఆయిలులో ముంచాడు. "అమ్మగారూ, తొక్కి పట్టుకోండి" అంటూ నిప్పిల్ వదులు చేసేవాడు. బుడగలు వచ్చాక బిగించి, "ఇక వదలండి" అనేవాడు. ముందే వదిలితే గాలి తిరిగి లోపలికి పోతుంది. డబ్బాలో మట్టం తగ్గకుండా చూడటం నా పని. పదిహేనుసార్ల తరువాత బుడగలు ఆగాయి. చివరకు పుష్ రాడ్డు లాక్ నట్టు సడలించి, పెడల్‌కు వేలెడు మందం ఖాళీ కదలిక ఉండేట్లు సరిచేశాడు. ఆ కదలిక బొత్తిగా లేకుంటే క్లచ్ జారి ప్లేటు అరుగుతుంది. మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడదు. సరైన కొలత బండిని బట్టి మారుతుంది.

అప్పుడే లోయలో రైలు కూత వినిపించింది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస - కిరండూల్ మార్గమది. వేల టన్నుల ఆ బరువును దిగుడులో నిలిపేది గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకులే. అక్కడ గాలే రక్షణ, ఇక్కడ గాలే ప్రమాదం!

ఆ యువకుడు ఆయిలు ధర తప్ప పైసా తీసుకోలేదు. అనంతగిరిలో మిరియాల తీగలు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ తోటలు చూస్తూ వేడి కాఫీ తాగాము. గాలికొండ మీద మంచు విడి, లోయ కనిపించింది.

తిరిగి వచ్చాక ఆయిలు మొత్తం మార్పించాను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకానికి కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు ఉండవలసిన మరుగుస్థానం తేమ చేరితే 140 దాకా పడిపోవచ్చు. రెండేళ్లకోసారి మార్చుకోవడం మేలు. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం మా శ్రీమతి అడుగుతుంది: "ఏమండీ, ఆ డబ్బా మూత తీసి చూశారా?"