పడవలో బూజు

మొన్న ప్రయాణానికి పెట్టె సర్దుతూ ఉంటే మా నాన్నగారి శబ్దరత్నాకరం చేతికి తగిలింది. దాని అట్ట లోపలి వైపున అరచేతి వెడల్పున నల్లని మరక ఒకటి ఉన్నది. మా కోనసీమ వానలలో వచ్చిన మరక కాదది. ఇంగ్లండులో ఒక పడవలో పట్టిన బూజు. ఆ సంగతి వ్రాయాలని ఎన్నాళ్లుగానో అనుకొంటూ వాయిదా వేస్తున్నాను. అందులో నా తెలివితక్కువతనం పాలు ఎక్కువగా ఉండడమే ఆ వాయిదాకు కారణం.

మా అబ్బాయి లండను నగరంలో ఉద్యోగం చేస్తాడు. అక్కడి ఇంటి అద్దెలు భరించలేక ఒక పాత పడవ కొనుక్కొని గ్రాండ్ యూనియన్ కాలువలో నివాసం పెట్టాడు. ఫోనులో ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత తవ్విన కాలువల మీద ధాన్యం పడవలు తిరిగిన కాలం గురించి మా పెద్దలు కథలు కథలుగా చెప్పేవారు. ఆ పడవలలో సరంగులు, కళాసీలు ఉండేవారు గానీ ఇంజనీరింగు చదివిన కొడుకులు ఉంటారని నేనెన్నడూ ఊహించలేదు.

సరే, 2022 అక్టోబరులో చూసి వద్దామని వెళ్లాను. ఆ రకాన్ని నారోబోటు అంటారు. మధ్య ఇంగ్లండులోని పాత కాలువల లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతోనే కట్టడం వల్ల ఈ పడవలు 6 అడుగుల 10 అంగుళాలకు మించవు. పొడవు మాత్రం మావాడిది 57 అడుగులు. రైలుపెట్టెను నిలువునా కోసి నీళ్లలో దింపినట్లు ఉంటుంది. బయట ఉక్కు, లోపల చెక్క పలకలు, ఒక మూల బొగ్గుపొయ్యి, ఒక మూల వంటకు గ్యాసు, చివర మంచం. స్థిరమైన రేవు లేని పడవను ఒకేచోట 14 రోజులకు మించి కట్టి ఉంచకూడదని 1995 నాటి చట్టం. చలికాలానికి మాత్రం రుసుము కట్టి ఒకచోట నిలిచే వీలుంది. మావాడు అలాగే హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో ఒక వంతెన పక్కన పడవ కట్టాడు.

డిసెంబరులో కాలువ మీద మంచు పలక కట్టింది. అబ్బాయి ఉదయం చీకటితో రైలెక్కి వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. పగలంతా నా రాజ్యమే. ఎసరు తెర్లించి, గంజి వార్చి, చారు మరిగించేవాడిని. ఉతికిన పంచెలను బయట ఆరవేస్తే అప్పడాల్లా బిగుసుకుపోయేవి. అందుచేత పొయ్యికి ఎదురుగా తాడు కట్టి లోపలే ఆరవేశాను. పడవ పైకప్పుకు పుట్టగొడుగుల ఆకారంలో ఇత్తడి గాలిగొట్టాలు నాలుగున్నాయి. వాటిలో ఒకదాని నుంచి చల్లగాలి సరిగ్గా నా బట్టతల మీదికి దిగేది. దానిలో మఫ్లరు కుక్కాను. అది సుఖంగా ఉండడంతో తక్కిన మూడింటికీ పాత బనియన్లు కుక్కాను. తలుపు కింద సందులో దుప్పటి చుట్టి పెట్టాను. కొడుకు ఇంటికి చేసిన మరమ్మతు కదా అని మనసులో కొంచెం గర్వపడ్డాను కూడా.

మూడోనాటి తెల్లవారుజామున ముఖం మీద చుక్క పడి మెలకువ వచ్చింది. కిటికీ అద్దాల మీద నీళ్లు ధారలు కడుతున్నాయి. చెక్క పలకలు చెమర్చాయి.

"కప్పు కారుతోందిరా" అన్నాను.

"కారడం కాదు నాన్నా, మన ఊపిరే" అన్నాడు నిద్రమత్తులో, అటు తిరిగి పడుకొంటూ.

ఊపిరి ఏమిటి, నీళ్లు కావడమేమిటి అనుకొంటూ, దుప్పటి తడిసిందేమోనని మంచం కింది సొరుగు లాగాను. శబ్దరత్నాకరం అక్కడ ఉన్నది. తాను దేశం విడిచి వెళ్లేటప్పుడు నేనే ఇచ్చాను. మా నాన్నగారూ పండితులే. ఆ పుటల అంచులలో ఆయన సన్నని పెన్సిలు వ్రాతలున్నాయి. అట్ట మీద బూడిదరంగు నూగు, లోపల నల్లని చుక్కలు, ముక్కుపుటాలు మూసుకుపోయే వాసన. సొరుగు వెనుక పలక పడవ ఉక్కుకు ఆనుకొని ఉన్నది. ఆ ఉక్కుకు అవతల మంచు కట్టిన కాలువ.

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. అయినా వ్రాస్తాను. "తాతగారి పుస్తకం కాపాడుకోవడం చేతకాకపోతే ముందే చెప్పవలసింది. ఇల్లూ వాకిలీ లేనివాడికి పుస్తకం ఇవ్వడం నాదే బుద్ధిలేనితనం" అన్నాను. వాడు లేచి కూర్చున్నాడు. బదులు చెప్పలేదు. వాడి చూపు పైకి వెళ్లి మఫ్లరు దగ్గర ఆగిపోయింది. చొక్కా కూడా లేకుండా లేచి, నాలుగు గొట్టాలలోని గుడ్డలూ లాగి అవతల పారేశాడు.

వాడు నా ఎదుట గొంతు పెంచడం అదే మొదటిసారి. "పొయ్యి వెలుగుతుండగా గాలి మూసేస్తే తెల్లారి ఇద్దరం లేవం నాన్నా! ఆ విషవాయువుకు వాసన ఉండదు." గోడ మీద దానికొక హెచ్చరిక గంట ఉన్నది. దాన్ని చూపించాను. "ప్రాణం దాని మీద పందెం కాస్తామా?" అన్నాడు. వాడి చేతులు వణకడం చూశాను. పుస్తకం గురించి మళ్లీ మాట్లాడలేకపోయాను.

ఆ ఆదివారం కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఘనమీటరు గాలి 20 డిగ్రీల వెచ్చదనంలో సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములైనా మోయలేదు. మిగిలినది దగ్గరలో ఉన్న చల్లని వస్తువు మీద దించేస్తుంది. ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకొంటే ఊపిరి, చెమటల రూపంలో అర లీటరు పైచిలుకు నీరు గాలిలో చేరుతుంది. కిలో ప్రొపేను గ్యాసు మండితే దాదాపు 1.6 కిలోల నీరు పుడుతుంది. ఆ పైన నా ఎసరు, నా పంచెలు. బొగ్గుపొయ్యి మటుకు నేరస్థురాలు కాదు. దాని ఆవిరి పొగగొట్టం దారిన పైకి పోతుంది, లోపలి తడిగాలిని కూడా కొంత లాక్కుపోతుంది.

మా బడిలో పక్క గది సామాన్యశాస్త్రం మాస్టారు గ్లాసులో మంచుగడ్డలు వేసి సాంద్రీకరణం అని చెబుతూంటే గోడ ఇవతల నుంచి ఏళ్ల తరబడి విన్నాను. ఆ గ్లాసులోపలే ఒకనాడు పడుకొంటానని అనుకోలేదు!

అసలు నన్ను చిక్కులో పెట్టినది నా అనుభవమే. మా ఊళ్లో శ్రావణ భాద్రపదాలలో తేమ బయటి నుంచి వస్తుంది. బీరువా బిగించి, వేపాకు వేసి, శరత్తు రాగానే పుస్తకాలను ఎండలో పరచడం మా ఇంటి ఆచారం. అక్కడి చలికాలంలో తేమ మన లోపలి నుంచి పుడుతుంది. బయటి గాలి చూడటానికి తడిగా ఉన్నా దానిలో నీరు స్వల్పమే. లోపలికి రానిచ్చి వెచ్చబరిస్తే అదే పొడిగాలి అవుతుంది. ఈ మాట నమ్మడానికి నాకు వారం పట్టింది. గోడకు తగిలించిన చిన్న తేమ కొలిచే పరికరం 84 నుంచి 60కి దిగిన నాడు నమ్మాను. మరి ఎండ? డిసెంబరులో ఆ దేశంలో ఎండ ఒక కవిసమయం.

బూజు అని మనం సాలెగూటికీ అంటాం, రొట్టె మీది నూగుకూ అంటాం. రెండూ ఎవరూ కదపని చోటే పడతాయి కాబట్టి ఆ పేరు సబబే. పుస్తకాన్ని పొయ్యికి దూరంగా నిలబెట్టి, పుటల మధ్య తెల్లకాగితాలు పెట్టి, నాలుగు రోజులు నిదానంగా ఆరనిచ్చాము. తడిగా ఉండగా తుడిస్తే బూజు కాగితంలోకి దిగుతుందట. ఆరిన తర్వాత ఒడ్డు మీదికి తీసుకుపోయి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, మెత్తని కుంచెతో ఒక్కొక్క పుట దులిపాను. నాన్నగారి పెన్సిలు వ్రాతలు దక్కాయి. అట్ట మరక పోలేదు.

జనవరిలో ఇద్దరం కలిసి ఇండియాకు రావాలి, పడవ నెల రోజులు ఖాళీగా ఉండాలి. ఈసారి వాడు చెప్పినట్లు నేను చేశాను. నీళ్ల తొట్టె ఖాళీ చేసి, గడ్డకట్టి గొట్టాలు పగలకుండా కుళాయిలు తెరిచి ఉంచాము. గ్యాసు కట్టేశాము. అడుగున నిలిచిన నీటిని గుడ్డతో పిండి తోడాము. పలకలను వెనిగరుతో తుడిచి ఆరనిచ్చాము. పరుపును ఎత్తి నిలువుగా, ఉక్కు గోడకు తగలకుండా ఆనించాము. సొరుగులు, అల్మరా తలుపులు అన్నీ బార్లా తెరిచాము. గుడ్డ, కాగితం, తిండి గింజ ఏవీ లోపల ఉంచలేదు. తేమ పీల్చే స్ఫటికాల డబ్బాలు కొందామా అన్నాను. "గాలిగొట్టాలు తెరిచి ఉంచి అవి పెడితే ఇంగ్లండు గాలినంతటినీ ఆరబెట్టాలి నాన్నా" అని నవ్వాడు. కరెంటు తీగ లేని రేవులో తేమ లాగే యంత్రం మాట లేనే లేదు. చివరగా గొట్టాలు నాలుగింటినీ నేనే తడిమి చూశాను.

శబ్దరత్నాకరం నా పెట్టెలో ఇంటికి వచ్చింది. "మీ దగ్గరే ఉండనివ్వండి" అని వాడే అన్నాడు, నా ముఖం చూడకుండా.

2023 ఫిబ్రవరిలో తిరిగి వెళ్లిన రాత్రి పడవలోంచే ఫోను చేశాడు. "తలుపు తీసి ముందు వాసన చూశాను. ఏమీ లేదు నాన్నా, పొడిగా ఉంది" అన్నాడు. సంతోషించాను. పుస్తకం ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు మళ్లీ వాడి దగ్గరికే ప్రయాణం. పుస్తకాన్ని నూలుగుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాను. నిన్న తీసేశాను. ఈ ఉదయం మళ్లీ పెట్టాను, పంచెల పైన.