రేపటి అన్నం

నిఘంటువు చేతులెత్తేసిన పదాన్ని వ్యుత్పత్తితో సాధించవచ్చునన్న ధీమా మా తరం తెలుగు పండితులకు కొంచెం ఎక్కువే. నాకూ ఉండేది.

ఒకనాడు పదవ తరగతిలో పునరుక్తి దోషాన్ని గూర్చి చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, లూకా సువార్తలోని ప్రార్థనలో 'అనుదినాహారము' అన్నాక మళ్ళీ 'దినదినము' అని ఉందండీ. అదీ దోషమేనా?" అన్నాడు. "నిస్సందేహంగా" అన్నాను. తరగతి నవ్వింది. వాడు తలవంచుకొని కూర్చున్నాడు. వాడి తల్లి నాట్లకూ కలుపులకూ పోయే కూలిమనిషి. ఆ ఇంట రాత్రి భోజనానికి ముందు నిత్యమూ ఆ ప్రార్థనే చేస్తారని తరువాత తెలిసింది.

పదవీ విరమణ చేశాక, తీరిక చిక్కి, మూలంలోకి తొంగి చూశాను. 'అనుదిన' అని మనవారు అనువదించిన చోట గ్రీకులో ఉన్న మాట 'ఎపియూసియోస్'. కొత్త నిబంధనలో ఇది రెండే చోట్ల ఉంది: మత్తయి 6:11, లూకా 11:3. రెండూ ఒకే ప్రార్థన. అంతకు పూర్వపు గ్రీకు వాఙ్మయంలో దీనికి ప్రయోగం కనబడదు. 3వ శతాబ్ది వాడైన ఓరిజెన్‌కు గ్రీకు స్వభాష. ఆయనే, పండితులూ పామరులూ ఎరుగని ఈ మాటను సువార్తికులే కల్పించి ఉంటారన్నాడు.

ప్రయోగం లేకపోతే మిగిలేది వ్యుత్పత్తే గదా. 'ఎపి', 'ఊసియా' అని విడదీస్తే ఉనికికి కావలసిన అన్నమని అర్థం. కాని అచ్చు పరమైనప్పుడు 'ఎపి'లోని ఇకారం సాధారణంగా లోపిస్తుంది (మన ఇకారసంధి గుర్తుకు రావడం లేదూ!). అపవాదాలు లేకపోలేదు గాని, 'ఎపూసియోస్' కావడమే సహజం. రెండవ దారి 'ఎపియూసా' నుండి. అది రానున్న దినం. అపొస్తలుల కార్యములు 16:11లో మరునాడు అనే అర్థంలో ఉన్నది ఆ మాటే. ఇక్కడ సంధిచిక్కు లేదు.

లాటిన్ బైబిలును సంస్కరించిన జెరోము అవస్థ చూడండి. మత్తయిలో 'సత్తకు అతీతమైన' అన్నట్టి మాట వేశాడు. లూకాలో 'రోజువారీ' అన్న మాట ఉంచాడు. ఒకే గ్రీకు పదానికి! హెబ్రీయుల సువార్త అనే గ్రంథంలో ఈ చోట 'మాహార్', అనగా 'రేపటి', అని ఉందని చెప్పినవాడూ ఆయనే.

1889లో కొంత ఆశ పుట్టింది. ఈజిప్టులోని హవారాలో దొరికిన ఒక ఖర్చుల పద్దులో ఈ మాట ఉన్నదని సేస్ అనే పండితుడు ప్రకటించాడు. పిమ్మట ఆ పత్రం కనిపించకుండా పోయింది. చాలాకాలం నిఘంటువులు సేస్ మాటనే నమ్ముకొన్నాయి. 1998లో యేల్ విశ్వవిద్యాలయంలో అది మళ్ళీ కంటబడింది. తీరా చదివితే అక్కడున్నది 'ఎలైయూ', అంటే నూనె! పాపం, నిఘంటుకారులు.

నా మొగ్గు 'రేపటి' వైపే. అదే అధ్యాయంలో, 6:34లో, రేపటిని గూర్చి చింతింపవద్దన్న బోధ ఉందని ఆక్షేపిస్తారు. చింత లేకుండా పడుకోవడానికే రాత్రి అడిగిపెట్టుకోవడం అని నాకు తోస్తుంది. పొద్దుగూకాక కూలిగింజలు కొంగున కట్టుకొని వచ్చే మనిషికి ఆ పూట వండుకోగా మిగిలేవే గదా మరునాటి అన్నం.

ఈ అర్థంలో లూకా వాక్యం, ఏ రోజుకారోజు మరునాటి అన్నం ఇమ్మని. రెండు మాటలకూ వేర్వేరు పని ఉంది. పునరుక్తి లేదు నాయనా. అనువాదంలో కనబడిన దానిని మూలానికి అంటగట్టి, నిండు తరగతిలో నిన్ను కూర్చోబెట్టాను.