రసాయనాచార్యులు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు

రసాయనశాస్త్రజ్ఞుడనగానే మన బాలబాలికల కన్నులకు గాజు గొట్టములును, సారాదీపమును, రంగు మారు ద్రవములును తోచును. గది తలుపు మూసికొని, లోకపు గొడవ చెవిని బెట్టక, క్రొత్త పదార్థమొకటి కనిపెట్టినవాడే గొప్ప శాస్త్రజ్ఞుడని వారి తలంపు. అట్టి పని గొప్పదే, కాదనము. అయితే ప్రయోగశాలలో నలవడిన బుద్ధిని దివాణపు వాకిటికి గొనిపోయి, దానికై ఉద్యోగమును ఊరిని కోలుపోయిన రసాయనాచార్యులొకరు మన నగరముననే యుండిరి. వారు డాక్టరు అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు. కుమార్తె సరోజినీ నాయుడుగారి పేరు నెరుగని విద్యార్థి లేడు. తండ్రిగారి పేరు నెరిగినవారు కొలదిమందియే.

వారు తూర్పు బెంగాలునందలి విక్రమపురము సీమవారు. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము నభ్యసించి, డి.యస్సి. పట్టము నొందిన తొలి భారతీయులలో నొకరైరి. ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయిగారు అదే విశ్వవిద్యాలయమున నదే పట్టము నొందినది తరువాత, 1887లో. నిజాము ప్రభుత్వము పిలువగా అఘోరనాథులు 1878లో హైదరాబాదు చేరిరి. అప్పటి దివాను మొదటి సాలారుజంగుగారు. ఇచట వారు ఆంగ్లమున బోధించు పాఠశాల నొకదానిని నెలకొల్పి నడపిరి. అది హైదరాబాదు కళాశాలగా పెరిగి, 1887లో నేర్పడిన నిజాం కళాశాలకు పునాదియయ్యెను. బాలికల చదువునకై వారును, వారి భార్య వరదసుందరీదేవియు పాటుపడిరి. పెద్దకూతురు సరోజిని పండ్రెండవ యేటనే మదరాసు మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థురాలయ్యెను. ఆమెను శాస్త్రజ్ఞురాలిని చేయవలెనని తండ్రి కోరిక, ఆమె కవయిత్రియయ్యెను.

తండ్రిగారి తోటలో ప్రతిదినము పండితులును, సాధువులును, రాజులును, బిచ్చగాండ్రును మతభేదము లేక కూడెడివారని సరోజినీదేవి యొక లేఖలో వ్రాసినది. వారి ధనమంతయు రెంటికి వ్యయమయ్యెనట: ఒకటి పరులకు సాయపడుట, రెండవది బంగారము చేయు రసవాదము. ఎడింబరో పట్టభద్రునకును ఆ పాత కోరిక వదలలేదు! బంగారము కాలేదు గాని, మొదటి వ్యయము ఫలింపకపోలేదు.

1883లో నిజాము రాజ్యపు రైలుమార్గమును చాందా వరకు పొడిగించు నేర్పాటొకటి బయలుదేరెను. చాందాయనగా నేటి మహారాష్ట్రములోని చంద్రపురము. లండనులో కంపెనీ యేర్పడి మూలధనము కూర్చవలెను. రాబడి చాలనిచో వాటాదారుల వడ్డీకి నిజాము ఖజానా పూచీ పడవలెను. రైలు మంచిదే. కాని వచ్చు లాభము దూరదేశపు వాటాదారులది. నష్టము వచ్చినచో అది ఇచటి రైతు కట్టిన శిస్తునుండి తీరవలసినది. నిబంధనలెట్టివో ప్రజలకు తెలిపి, విచారించుటకు వ్యవధి యియ్యవలెనని నగరమున కొందరు సంఘముగా కూడి యడిగిరి. వారిలో అఘోరనాథులు ముఖ్యులు. ఆ సంవత్సరము మే నెలలో ప్రభుత్వము వారిని ఉద్యోగమునుండి తొలగించి, రాజ్యము వెడలగొట్టెను. సరోజినికి అప్పటికి నాలుగేండ్లు.

రసాయనశాస్త్రమున మొదటి పాఠము త్రాసు. మూసిన పాత్రలో కాల్చినదెంత, మిగిలినదెంత, వాయువైనదెంత, లెక్క తూగవలెను. తూగనిచో ఏదియో కన్ను మరుగైనదని యర్థము. రైలు విషయమున అఘోరనాథులడిగినదియు ఈ లెక్కయేయని మాకు తోచుచున్నది.

కొన్నేండ్లకు ప్రభుత్వము వారిని మరల పిలిచి ఉద్యోగమిచ్చెను. శిక్ష వారి నోరు మూయలేదు. 1885లో పుట్టిన కాంగ్రెసు మహాసభకు హైదరాబాదున తోడు నిలిచిన మొదటివారిలో ముల్లా అబ్దుల్ ఖయ్యూముగారును వీరును ఉండిరి. కులము వేరైనవారు చట్టబద్ధముగా పెండ్లాడుటకు వీలు కల్పించిన 1872 నాటి వివాహచట్టము ఈ రాజ్యమునను అమలు కావలెనని వారు కృషిచేసిరి. తన యింటనే దానిని ఆచరించిరి. 1898లో సరోజినికిని, తెలుగువారగు డాక్టరు గోవిందరాజులు నాయుడుగారికిని మదరాసులో ఆ చట్టము ననుసరించి వివాహము జరిగెను. దానిని జరిపించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు. అఘోరనాథులు 1915లో కలకత్తాలో మరణించిరి.

ఈ కథను మేము తరగతిలో చెప్పగా ఒక బాలుడు, "సార్, వారు కనిపెట్టినదేమి?" అని యడిగెను. మీ పాఠ్యపుస్తకమున వారి పేరిట సూత్రము లేదంటిమి. అంతట ఒక బాలిక లేచి, "ఉద్యోగము పోయినప్పుడు పిల్లలకు అన్నమెట్లు?" అనెను. గది నిశ్శబ్దమయ్యెను. మా విద్యార్థులలో పెక్కుర ఇండ్లు ఒక్క సంపాదనపై నడచుచున్నవి. జీతముపై బ్రతుకు మాకును ఆ ప్రశ్న క్రొత్తది కాదు. దానికి తేలిక జవాబు లేదని చెప్పితిమి. ఆ తండ్రికి ఆ భయము లేదని యెవరనగలరు? భయముండియు అడిగిరి.

మేమీ నారాయణగూడ వీధులలో నడచునప్పుడెల్ల ఆ బాలిక ప్రశ్న జ్ఞప్తికి వచ్చుచుండును. ఆడపిల్లలకు తెలుగున చదువు చెప్పుటకై 1928లో మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు నెలకొల్పిన పాఠశాల ఇచటనే యున్నది. అదియు సులువుగా జరిగిన పని కాదు. అటు చిక్కడపల్లి గ్రంథాలయమునందును, అశోకనగరపు ఇరుకు గదులయందును జిల్లాలనుండి వచ్చిన యువకులు, యువతులు ప్రభుత్వోద్యోగపు పరీక్షలకై రేయింబవళ్లు చదువుచున్నారు. వారి ఇండ్లలో తలిదండ్రులు అప్పుచేసి పంపుచుందురు. వారు గెలువవలెనని మేమును కోరుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, రేపు మీలో కొందరును ఆ గదులకు పోవుదురు. మరికొన్నేండ్లకు మీ బల్లమీదికి సంతకమునకై కాగితమొకటి వచ్చును. వంతెనో, చెరువో, బడియో దాని విషయమైయుండును. అప్పుడు త్రాసు జ్ఞాపకము తెచ్చికొనుడు: ఇది ఎవరికి లాభము? ఎవరు చెల్లింతురు? ఆ చెల్లించువారికి తెలిపితిమా? నాంపల్లిలో చట్టోపాధ్యాయుల గృహము నేటికిని ఉన్నది. సరోజినీదేవి 1905లో ప్రకటించిన తొలి కవితాసంపుటి పేరే దానికి పెట్టిరి. 1974లో నేర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట పని ప్రారంభించినది ఆ యింటనే. ఇచటికది దూరము కాదు. తలిదండ్రులు ఒక సెలవునాడు పిల్లలను అటు తీసికొనిపోయి, కుమార్తె కథతోపాటు తండ్రి కథయు చెప్పుదురుగాక.