కాలువల ఊరి నుండి కాలువల ఊరికి



మాది ఆత్రేయపురం. ఈ పేరు చెప్పగానే అందరికీ పూతరేకులు గుర్తుకొస్తాయి. మాకు మాత్రం ముందు కాలువ గుర్తుకొస్తుంది, ఆ తరువాత ఏటిగట్టు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నుండి వచ్చే నీళ్ళతోనే మా సంఘస్థుల చేలు పండుతున్నాయి. దేవుని మందిరానికి వారు తెచ్చే ప్రథమ ఫలములు కూడా ఆ నీటి పంటే. అటువంటి మేము మొన్న ఏప్రిల్ నెలలో డచ్చివారి దేశమైన నెదర్లాండ్స్‌కు వెళ్ళి, డెల్ఫ్ట్ అనే పట్టణంలో మొదటి రోజు ఎలా గడిపామో మీతో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మేము వెళ్ళింది సువార్త సభలకు కాదు, బైబిలు సెమినారుకూ కాదు. మా శ్రీమతి జలవనరుల శాఖలో ఇంజినీరు. నీటి విద్య నేర్పే అంతర్జాతీయ సంస్థ ఒకటి 1957 నుండి డెల్ఫ్ట్‌లో ఉన్నది. అనేక దేశాల ఇంజినీర్లు అక్కడికి వచ్చి చదువుకొని వెళతారు. ఆమెకు అక్కడ మూడు వారాల కోర్సుకు పిలుపు వచ్చింది. మేము తోడు వెళ్ళాము, అంతే.

“అమ్మగారు చదువుకోవడానికి వెళ్తుంటే అయ్యగారు దేనికండీ?” అని సంఘ పెద్ద ఒకాయన నవ్వుతూ అడిగారు. మేమూ నవ్వాము గాని, ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా మేము ముందు నడిచాము, ఆమె బైబిలు సంచీ పట్టుకొని వెనుక నడిచింది. ఇప్పుడు వరుస మారింది. ఇంకొక సంగతి కూడా ఉన్నది. పదేళ్ళ క్రితం ఇటువంటి అవకాశమే ఆమెకు వస్తే, “ఉజ్జీవ సభలున్నాయి, పిల్లలు చిన్నవాళ్ళు” అని మేమే వద్దన్నాము. ఆమె ఏమీ అనలేదు. ఆ కాగితం మడిచి బీరువాలో చీరల కింద పెట్టుకుంది.

ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో దిగినప్పుడు ఆమె మొదట అన్న మాట ఇది. “మనం ఇప్పుడు సముద్రం కంటే కిందున్నామండీ.” మేము నమ్మలేదు. ఒకప్పుడు అక్కడ పెద్ద చెరువు ఉండేదట. ఆవిరి యంత్రాలతో నీరు తోడి, 1852లో దాన్ని ఎండబెట్టి నేల చేశారు. విమానాలు దిగేది ఆ చెరువు అడుగునే. “1852లోనే కదా కాటన్ దొరగారి ఆనకట్ట పూర్తయింది?” అన్నాము. “అవునండీ, ఆ ఏడాదే. అక్కడ నీళ్ళు నిలబెట్టారు, ఇక్కడ నీళ్ళు తీసివేశారు” అన్నది ఆమె. ధవళేశ్వరం పని 1847లో మొదలైనదని ఎన్నోసార్లు ప్రసంగాలలో చెప్పాము గాని, ఈ పోలిక మాకు ఎన్నడూ తోచలేదు.

రైలు డెల్ఫ్ట్ చేరేసరికి చీకటి పడింది. మేము దిగిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన తల్లి. మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. మా పెట్టెను మేము మోయలేక ఆగితే, ఆమే వెనుక నుండి చెయ్యి వేసింది. పూతరేకుల పెట్టె ఇచ్చాము. ఆ తల్లి ఒకటి తీసి, పైనున్నది కాగితం అనుకొని వలవడం మొదలుపెట్టింది! “అమ్మా, అదే తినాలి” అని మా శ్రీమతి ఇంగ్లీషులో చెప్పి, వేడి కుండ బోర్లించి, పల్చని బియ్యపు పిండిలో తడిపిన గుడ్డను దాని మీద లాగితే రేకు వస్తుందని వివరించింది. అంత పని ఒక మిఠాయికా అని ఆ తల్లి ఆశ్చర్యపోయింది. 2023లో మా పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చిన నాడు కూడా మాకు అంత సంతోషం కలగలేదు.

మరునాడు శనివారం. క్లాసులు సోమవారం నుండి గనుక, ఆ రోజు మాదే. ప్రార్థన చేసుకొని బయలుదేరాము. ఎండ ఉన్నది గాని గాలి చలి. మఫ్లరు తలకు చుట్టుకొని నాలుగు అడుగులు వేశామో లేదో, వెనుక నుండి గంట మోగింది. మేము నడుస్తున్నది సైకిళ్ళ దారి అట. ఉలిక్కిపడి పక్కకు తప్పుకుంటే, మా ఇంటి యజమానురాలి వయసున్న ఒక అవ్వ చేయి ఊపుతూ సైకిలు మీద దాటిపోయింది. ఆ దేశంలో జనం కంటే సైకిళ్ళే ఎక్కువ. మన దగ్గర ఆ వయసు తల్లులను “నీకెందుకమ్మా, కూర్చో” అంటాము. ప్రేమతోనే అంటాము గాని, వారికి అది ప్రేమగానే ఉంటుందా?

పట్టణమంతా కాలువలే. డెల్ఫ్ట్ అనే పేరు కూడా తవ్వడం అనే మాట నుండి వచ్చిందట, అంటే తవ్విన కాలువ అని. కాలువకు ఇరువైపులా సన్నని ఇటుక ఇళ్ళు, వంపు వంతెనలు. పాత కాలువ గట్టున ఒక ముసలి భవనం ముందు ఆగాము. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి ఆరు పట్టణాలలో శాఖలు ఉండేవి. వాటిలో డెల్ఫ్ట్ ఒకటి, ఆ శాఖ నడిచిన ఇల్లు అది. మచిలీపట్నంలో, పాలకొల్లులో, ద్రాక్షారామంలో డచ్చివారు గిడ్డంగులు కట్టి మన నేతగాళ్ళ బట్టలు కొని ఓడలకెక్కించారు. బందరులో వలందపాలెం అనే పేట పేరు నేటికీ వారినే గుర్తు చేస్తుంది. 1825లో ఆ స్థావరాలు ఇంగ్లీషువారి పరమయ్యాయి. బందరు కోటలో డచ్చివారి సమాధులు నేటికీ ఉన్నాయి. మన మట్టిలో నిద్రించిన వారి తల్లులు, భార్యలు ఇటువంటి ఏదో కాలువ గట్టున ఎదురు చూసి ఉంటారు కదా అనుకున్నాము.

ఇంకొంచెం నడిస్తే పాత దేవాలయం. దాని గోపురం 75 మీటర్ల ఎత్తు, నిలువు నుండి దాదాపు రెండు మీటర్లు వంగి ఉన్నది. ఊరివారు దానిని ‘వంకర జాన్’ అని ముద్దుగా పిలుస్తారు. పూడ్చిన కాలువ మీద కట్టినందున, కడుతుండగానే కుంగింది. ఇసుక మీద ఇల్లు కట్టినవాని ఉపమానము గుర్తుకు వచ్చి, మంచి ప్రసంగ విషయం దొరికిందని సంబరపడ్డాము. మా శ్రీమతి పైకి చూసి, “వంగినా ఇన్ని వందల ఏళ్ళు నిలబెట్టుకున్నారు చూడండి” అన్నది. మా ప్రసంగం అక్కడే సగమైంది! లోపల లీవెన్‌హుక్ సమాధి ఉన్నది. ఆయన ఈ ఊరి బట్టల వర్తకుడే. సొంతంగా చేసుకున్న భూతద్దాలతో నీటి చుక్కలోని సూక్ష్మజీవులను చూసి లోకానికి తెలియజేశాడు. 1723లో తొంభై ఏళ్ళ వయసులో నిద్రించాడు.

మధ్యాహ్నం చౌకులో బల్ల మీద కూర్చొని రొట్టె, జున్ను తిన్నాము. తెచ్చుకున్న ఆవకాయ కూడా కొంచెం రాసుకున్నామని దాచడమెందుకు. ఎదురుగా క్రొత్త దేవాలయం. పేరుకే క్రొత్త, అదీ వందల ఏళ్ళ నాటిదే. గోపురం 108 మీటర్ల పైన. డచ్చివారి స్వాతంత్ర్యానికి నాయకుడై, 1584లో ఇదే ఊరిలో హత్యకు గురైన విలియం ప్రభువు సమాధి అందులో ఉన్నది. గుడి ముందు మాత్రం వేరొకాయన విగ్రహం. ఆయన హ్యూగో గ్రోషియస్, 1583లో ఈ ఊరిలోనే పుట్టినవాడు. ఈయన గురించి వేదాంత పాఠశాలలో చదివాము గనుక, ఇక్కడ మేమే గురువులమని ఉత్సాహంగా చెప్పనారంభించాము. దేవుని ఏర్పాటును గూర్చి సంఘంలో పుట్టిన తగవులో ఓడిన పక్షాన నిలిచినందుకు, 1619లో ఆయనకు యావజ్జీవ శిక్ష వేసి ఒక కోటలో బంధించారు. చెరలో కూర్చొని, దూరదేశాలకు వెళ్ళే నావికుల కొరకు క్రైస్తవ సత్యాన్ని గూర్చి పద్యాలు రాశాడు. 1625లో యుద్ధంలోనూ దేశాలు పాటించవలసిన న్యాయం ఉన్నదని గొప్ప గ్రంథం వెలువరించాడు.

“మరి చెరలో నుండి ఎలా బయటపడ్డాడు?” అని ఆమె అడిగింది. మేము తడబడ్డాము. “పుస్తకాల పెట్టెలో దాక్కొని…” అన్నాము. “ఆ ఆలోచన ఎవరిది?” అన్నది.

ఆమె ముందే చదివి వచ్చింది. ఆ ఆలోచన ఆయన భార్య మరియాది. భర్తతో తానూ ఆ కోటలోనే కాపురముండి, పుస్తకాల పెట్టె వస్తూ పోతూ ఉండటం, కావలివారు దాన్ని తెరిచి చూడటం మానివేయడం కనిపెట్టింది. 1621 మార్చి 22న భర్తను ఆ పెట్టెలో పెట్టి తాళం వేసి పంపింది. పనిపిల్ల పెట్టె వెంట వెళ్ళింది. మరియా మాత్రం కోటలోనే ఉండిపోయి, తరువాత విడుదలయింది. ఆ పెట్టె మా దగ్గరున్నదే అసలుదని నేటికీ ఒకటికి మించిన చోట్ల చెప్పుకుంటారు.

ఆయన గ్రంథాల పేర్లు మేము పరీక్షలో తప్పు లేకుండా రాసినవారము. ఆ తల్లి పేరు మాత్రం ఆ రోజే విన్నాము. విగ్రహం క్రింద నిలబడి చాలాసేపు మాటాడలేకపోయాము.

సాయంకాలం ఆమె మమ్మల్ని మరొక భవనం దగ్గరకు తీసుకువెళ్ళింది. గోడ మీద రంగురంగుల చిహ్నాలు. డెల్‌ఫ్లాండ్ నీటి మండలి వారి పాత కార్యాలయం అది. ఈ మండలి 1289 నాటిది. గట్లు, కాలువలు, లాకులు చూసుకోవడం దాని పని. మన రాష్ట్రంలో 1997లో చట్టం చేసి నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు కదా, అటువంటిదే, ఏడు వందల ఏళ్ళ వయసున్నది. “మనకు నీళ్ళు పై నుండి కిందికి పారతాయి, లస్కరు తలుపు ఎత్తితే చాలు. ఇక్కడ పొలం కింద, కాలువ పైన. పొలంలో వాన నీటిని కాలువలోకి ఎత్తిపోయాలి, కాలువ నీటిని సముద్రంలోకి ఎత్తిపోయాలి. ఒకప్పుడు గాలిమరలు చేసిన పని అదే. ఒక్క ఊరు మానేస్తే పక్క ఊరు మునుగుతుంది. అందుకే తగవులాడుకుంటూనైనా కలిసి కూర్చున్నారు” అని చెప్పింది.

తరువాత నెమ్మదిగా 1953 సంగతి చెప్పింది. ఆ ఏడు ఫిబ్రవరి మొదటి రాత్రి సముద్రం గట్లు తెంచుకొని 1,836 మందిని ఈ దేశంలో పొట్టన పెట్టుకుంది. ఆ ఆగస్టులోనే మన గోదావరికి పెద్ద వరద. వీరు గట్లు, అడ్డుకట్టలు కడుతూ పోయి, సముద్రపు పాయకు అడ్డంగా తలుపులున్న గొప్ప కట్టను 1986లో ప్రారంభించారు. ఆ 1986 ఆగస్టులోనే ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. మేము అప్పుడు ఆరేళ్ళ పిల్లవాళ్ళము, గట్టు మీద నాన్న భుజాలెక్కి చూశాము. ఆమెది లంక గ్రామం. చంటిబిడ్డగా ఉన్న ఆమెను చంకనెత్తుకొని వాళ్ళమ్మ గట్టెక్కేసరికి ఇల్లు పోయింది. “అమ్మ ఆ సంగతి చెప్పినప్పుడల్లా, గట్టు ఇంకొంచెం గట్టిగా ఎందుకు కట్టరు అని అడిగేదాన్ని. అందుకే ఈ చదువు చదివానండి” అన్నది.

పెళ్ళై ఇన్నేళ్ళైనా ఈ మాట మేము వినలేదు. వినలేదా, అడగలేదా అని మమ్మును మేమే ప్రశ్నించుకున్నాము. వంతెన మీద నిలబడి, “పదేళ్ళ క్రితం నిన్ను ఆపింది మా తప్పే, క్షమించు” అన్నాము. ఆమె కాలువ వంక చూస్తూ, “లాకు తలుపు ఆలస్యంగా తీసినా నీళ్ళు పారతాయండీ. ఒక పంట పోయింది, అంతే” అన్నది. అందులో నిష్ఠూరం లేదు. కానీ పోయిన పంట పోయినదే.

ప్రియ పాఠకులారా, మీ ఇంటి బీరువాలో ఎవరి కాగితమైనా మడతపెట్టి ఉన్నదేమో ఒకసారి అడిగి చూడండి. మేము సోమవారం ఉదయం ఆమె సంచీ భుజాన వేసుకొని, క్లాసు గుమ్మం దాకా వెనుకనే నడిచాము. ముల్లు ఎక్కడ రాలిపోయిందో తెలియలేదు.