నా చేతివ్రాతలో ఉన్న ఆ కాగితం

నిరుడు న్యూజెర్సీలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, ఒకరోజు అస్ర్ నమాజు తరువాత అల్లుడితో పాటు మస్జిద్‌లోనే కూర్చుని ఉన్నాను. ఆదివారాలు అక్కడి పిల్లలకు దీనీ పాఠాలు చెప్పించే బాధ్యత అతనిదే. ఒక పోలీసు అధికారి వచ్చి కాగితం ఒకటి ఇచ్చి, మరొక దానిపై సంతకం తీసుకొని వెళ్ళాడు. అల్లుడు దానిని చదివి బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఏమిటని అడిగాను. "మామూ, ఇది మీకు చూపించకూడదు. అలాగని ఇప్పుడే సంతకం చేశాను" అన్నాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా పిల్లల మధ్యనే బ్రతుకుతున్నవాడిని, నా దగ్గర దాపరికమా అని మనసు కాస్త నొచ్చుకున్న మాట వాస్తవం.

ఇషా తరువాత భోజనాల దగ్గర, ఎవరి పేరూ చెప్పకుండా, చట్టం ఏమిటో మాత్రం వివరించాడు. 1994 జూలైలో అదే రాష్ట్రంలోని హామిల్టన్‌లో ఏడేళ్ళ బాలికను ఎదురింట్లో ఉండే మనిషి చెరిచి చంపాడు. పిల్లలపై అఘాయిత్యాలకు అతనికి అంతకుముందే రెండుసార్లు శిక్ష పడింది. ఆ సంగతి ఆమె తల్లిదండ్రులకు తెలియదు. ఆ ఏడాది అక్టోబరులోనే ఆ పాప పేరున మేగన్ చట్టం వచ్చింది. 1996 నాటికి అది అమెరికా అంతటికీ వర్తించింది. లైంగిక నేరానికి శిక్షపడినవాడు విడుదలయ్యాక పోలీసుల వద్ద పేరు, చిరునామా నమోదు చేయించుకోవాలి. ఇల్లు మారదలిస్తే ముందుగానే తెలపాలి. నిర్ణీత గడువుల్లో వెళ్ళి వివరాలు ధ్రువపరచాలి. పదిహేనేళ్ళు మరో నేరం లేకుండా గడిపితే, పేరు తొలగించమని కొందరు న్యాయస్థానాన్ని అర్థించవచ్చు.

అందరి సంగతీ అందరికీ చెప్పరు. న్యూజెర్సీలో వారిని మూడు శ్రేణులుగా విభజిస్తారు. ప్రమాదం తక్కువని తేలినవారి వివరాలు పోలీసులకు, బాధితులకు మాత్రమే తెలుస్తాయి. మధ్యశ్రేణి వారి గురించి పరిసరాల్లోని పాఠశాలలకు, పిల్లల సంరక్షణ కేంద్రాలకు, పేరు నమోదు చేసుకున్న సంస్థలకు తెలియజేస్తారు. మా అల్లుడికి అందినది ఇటువంటి కాగితమే. ప్రమాదం ఎక్కువని నిర్ధారించిన వారి విషయంలో పోలీసులు ఇంటింటికీ వెళ్ళి చెబుతారు. ఆ సమాచారంతో ఎవరినీ వేధించరాదన్న హెచ్చరిక కూడా ఉంటుంది.

ఆ హెచ్చరిక ఊరికే పెట్టింది కాదు. 2006లో మెయిన్ రాష్ట్రంలో ఒక యువకుడు ఇంటర్నెట్ పట్టికలోని చిరునామాలు పట్టుకొని వెళ్ళి ఇద్దరిని కాల్చి చంపాడు. వారిలో ఒకరి నేరం, పంతొమ్మిదేళ్ళ వయసులో, ఇంకా పదహారు నిండని తన ప్రియురాలితో సంబంధం పెట్టుకోవడం. పోనీ ఇంత చేసినందుకు నేరాలు తగ్గాయా అంటే, న్యూజెర్సీలోనే 2008లో వెలువడిన ఒక అధ్యయనానికి అందుకు తగిన ఆధారం కనిపించలేదు. పిల్లలను చెరిచేవారిలో అత్యధికులు కొత్తగా వీధిలోకి వచ్చినవారు కారు. బంధువులు, పొరుగువారు, చదువు చెప్పేవారు. ఈ చివరి మాట అల్లుడు నా మొహం చూడకుండానే అన్నాడు.

మన దేశంలోనూ అటువంటి పట్టిక ఉన్నది. 2018 సెప్టెంబరు 20న కేంద్ర హోంశాఖ దానిని ప్రారంభించింది. అప్పటికే అందులో సుమారు 4.40 లక్షల నమోదులున్నాయి. అయితే దానిని పోలీసుల వంటి అధికార వ్యవస్థలే చూడగలవు. మీకూ నాకూ కనిపించదు. ఆ కట్టుబాటు నాకు సబబుగానే తోస్తుంది. శిక్ష అనుభవించి, తౌబా చేసుకొని ఒక మూల బ్రతుకుతున్నవాని గుమ్మం ముందు జనం గుమిగూడటం న్యాయం కాదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వనిది వేరొక సంగతి. ఇక్కడైనా అక్కడైనా ఆ పట్టికలో ఉండేది శిక్షపడిన వారి పేర్లే. శిక్షకు ముందు విచారణ, విచారణకు ముందు ఫిర్యాదు ఉండాలి. ఫిర్యాదే లేకుండా చేసినవారిలో నేనూ ఒకడిని.

2009లో నేను వేరొక మద్రసాలో ఉండేవాడిని. హాస్టలులో ఉండే పదకొండేళ్ళ పిల్లవాడొకడు ఫజ్ర్ తరువాత నా వద్దకు వచ్చి, తల వంచుకొని, హిఫ్జ్ ఉస్తాద్ రాత్రిళ్ళు తనను ఏం చేస్తున్నాడో చెప్పాడు. నేను పెద్దలకు చెప్పాను. విచారిస్తే ఆ మనిషి కాదనలేదు. పెద్దలు గంటసేపు మాట్లాడుకున్నారు. దీన్ పరువు, మద్రసా పరువు, చందాలు. సాటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చడం గురించిన హదీసును కూడా ఒకరు జ్ఞాపకం చేశారు. నాకు తెలుసు, ఆ హదీసు అక్కడ చెప్పవలసినది కాదు. అయినా మౌనంగా ఉన్నాను. ఆ రాత్రే అతనిని పంపివేశారు. పోతూ పోతూ సత్ప్రవర్తన పత్రం కావాలన్నాడు. నా ఉర్దూ దస్తూరీ బాగుంటుందని నన్నే వ్రాయమన్నారు. వ్రాశాను. రెండేళ్ళకు అతడు మరో జిల్లాలో పిల్లలకు హిఫ్జ్ చెబుతున్నాడని విన్నాను.

నేను బోధించే విద్యల్లో అస్మావుర్రిజాల్ ఒకటి. హదీసు ఉల్లేఖకులలో ఎవరు నమ్మదగినవారో, ఎవరు కారో పేరుపేరునా వ్రాసిపెట్టిన శాస్త్రమది. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) బలహీన ఉల్లేఖకుల పేర్లతో ప్రత్యేకంగా ఒక గ్రంథమే కూర్చారు. దానిని ఎవరూ గీబత్ అనలేదు. గీబత్‌కు అనుమతి ఉన్న ఆరు సందర్భాలను చెప్పిన ఇమామ్ నవవీ, ముస్లిములను కీడు నుండి హెచ్చరించడాన్ని వాటిలో చేర్చారు. ఏటేటా విద్యార్థులకు ఈ పాఠం చెప్పిన నోటితోనే ఆ రోజు మౌనం వహించాను.

ఇప్పుడైతే మౌనమే నేరం. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లలపై అకృత్యం జరిగిందని తెలిసినవారు ఎవరైనా పోలీసులకు తెలపాలి. సంస్థ బాధ్యుడు తన క్రింది ఉద్యోగి విషయం దాచిపెడితే ఏడాది వరకు జైలు, జరిమానా. పిల్లలతో మెలిగే ప్రతి ఉద్యోగి పూర్వాపరాలు పోలీసుల ద్వారా తనిఖీ చేయించాలని 2020 నాటి నియమాలు ఆదేశిస్తున్నాయి. తిరిగి వచ్చాక మా మద్రసాలో దానిని మొదలుపెట్టాను. ముందుగా నా కాగితాలే ఇచ్చాను. ఆలిములను దొంగల్లా చూస్తారా అని ఒక పెద్దాయన కోప్పడ్డారు, ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడరు.

ఆ పిల్లవాడిని వెతుక్కుంటూ వెళ్ళాను. ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుకుంటున్నాడు. ఒక ఆడపిల్ల తండ్రి. సలాం చెప్పి, బల్ల వేసి, టీ తెప్పించాడు. క్షమాపణ అడిగాను. ఇప్పుడు ఫిర్యాదు చేయదలిస్తే నా వాంగ్మూలం నేను ఇస్తానని, వద్దంటే అతని పేరు నా నోట రాదని చెప్పాను. చాలాసేపు విప్పి ఉన్న ఫోను వైపే చూస్తూ ఉండి, "నేను ఆ రోజే మీకు చెప్పాను కదా, ఉస్తాద్" అన్నాడు.

పది రోజుల తరువాత అతనే ఫోన్ చేశాడు. ఇద్దరం కలిసి స్టేషన్‌కు వెళ్ళాము. అప్పటి నేరానికి అప్పటి చట్టమే వర్తిస్తుందని చెప్పి, ఎస్సై ఇద్దరి వాంగ్మూలాలూ వ్రాసుకున్నారు. చివర నన్ను, ఆ సత్ప్రవర్తన పత్రం నకలు ఉందా అని అడిగారు. నా దగ్గర లేదు. అతడు తరువాత చేరిన మద్రసా ఫైలులో ఉంటుందని చెప్పి, దస్తూరీ పోల్చుకోవడానికి వారిచ్చిన తెల్లకాగితంపై నాలుగు పంక్తులు ఉర్దూలో వ్రాసి ఇచ్చాను.