మా పత్తికొండ స్పిట్‌ఫైర్

పిల్లలూ! మీరందరూ కాగితంతో విమానాలు చేసి ఎగరేసే ఉంటారు. అది పడితే మళ్ళీ తీసి ఎగరేస్తారు, నష్టమేమీ లేదు. పదకొండు నెలలు కూర్చుని చేసిన విమానం పడితే ఎలా ఉంటుందో నేను చెబుతాను. నాది పడింది.

మాది కర్నూలు జిల్లా పత్తికొండ. పంపుసెట్ల మోటార్లు బాగుచేయటం నా వృత్తి. రాత్రిళ్ళు తీరిక చేసుకుని స్పిట్‌ఫైర్ అనే యుద్ధవిమానానికి రేడియోతో నడిచే నమూనా చేశాను. దాన్నే ఎందుకు చేశానంటే, రెండో ప్రపంచయుద్ధంలో ఇంగ్లండు వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌కు మన హైదరాబాదు పేరు ఉండేది. నిజాము ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. వాళ్ళ ముద్రలో నిజాము తలపాగా కూడా ఉన్నది. 1940లో ఇంగ్లండు మీదికి శత్రువిమానాలు వచ్చినప్పుడు ఆ స్క్వాడ్రన్ వాళ్ళు స్పిట్‌ఫైర్లతోనే ఎదుర్కొన్నారు. వాటి పక్కల మీద యు, ఎం అనే అక్షరాలుండేవి. నా విమానం మీద కూడా అవే రాశాను.

అసలు స్పిట్‌ఫైర్ రెక్కల పొడుగు, ఈ కొసనుంచి ఆ కొసకు, 11.23 మీటర్లు. నేను అందులో ఐదోవంతు చేశాను గనక నాది సుమారు రెండుంబావు మీటర్లు. తీరా పూర్తయ్యాక అది మా గది తలుపులోంచి బయటికి రాలేదు! రెక్కలు ఊడేటట్టు మళ్ళీ చేసుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక తమాషా లెక్క ఉన్నది. పొడుగు ఐదోవంతయితే రెక్కల వైశాల్యం 25వ వంతు, బరువు 125వ వంతు అవుతాయి. అసలు విమానం దాదాపు 2,600 కిలోలు. ఆ లెక్కన నాది 21 కిలోలు ఉండవచ్చు. కాని బరువు తగ్గినకొద్దీ నెమ్మదిగా దిగవచ్చు. అందుకని బల్సా అనే తేలిక కర్రతో, పల్చటి ప్లైవుడ్డుతో చేసి పది కిలోలకు తెచ్చాను. ఇంత పొదుపు చేసి, చివరకు నా చేత్తోనే ముక్కులో సీసం పెట్టాను! అసలు విమానం ముక్కులో పన్నెండు సిలిండర్ల మెర్లిన్ ఇంజను ఉండేది. నా దానిలో ఉన్నది పిడికెడు కరెంటు మోటారు. సీసం లేకపోతే తోక బరువై, విమానం మాట వినదు.

ఇవన్నీ సరిగానే చేశాను. తప్పు చేసింది ఒక మెలికలో.

స్పిట్‌ఫైర్ రెక్క చదునుగా ఉండదు. మొదట్లో దాని ముందంచు 2 డిగ్రీలు పైకెత్తి ఉంటుంది. కొసకు పోయేసరికి అర డిగ్రీ కిందికి వంగుతుంది. విమానం వేగం మరీ తగ్గితే గాలి రెక్కను అంటిపెట్టుకుని పారలేక విడిపోతుంది. అప్పుడు రెక్కకు మోసే శక్తి పోతుంది. రెక్క మొదట్లో ముందుగా విడిపోతే విమానం వణికి హెచ్చరిస్తుంది. కొసన ముందుగా విడిపోతే ఒక పక్కకు దొర్లిపోతుంది. ఆ మెలిక పెట్టింది ఇందుకే. కంటికి సరిగా ఆనని రెండున్నర డిగ్రీలతో ఏం పని అనుకుని, నేను రెక్కను చదునుగా కట్టేశాను.

పుష్యమాసంలో ఒకనాడు పొద్దున్నే, గాలి లేవకముందే, వేరుశనగ పీకేసిన చేనుకు పోయాము. (మా వైపు బుడ్డలంటాము.) అక్కడ ఎగరేయటానికి అభ్యంతరం లేదని ప్రభుత్వంవారి పటంలో ముందే చూసుకున్నాను. మా మేనల్లుడు విమానంలో కూర్చోబెట్టటానికి చిన్న మట్టి పైలట్‌ను చేశాడు. రేడియో బలం తగ్గించి, ముప్ఫై అడుగులు దూరం నడిచి, తోక పలకలు ఆడుతున్నాయో లేదో చూశాము. ఆడాయి.

విమానం లేచింది. మూడు చుట్లు తిరిగింది. దిగేటప్పుడు కాస్త నెమ్మది చేశాను. అంతే, ఎడమ రెక్క వాలింది. నేను కంగారుపడి కుడివైపుకు తిప్పాను. అలా తిప్పితే ఎడమ రెక్క కొసన ఉన్న పలక కిందికి వంగి, అక్కడ గాలిని ఇంకా చెడగొడుతుంది. విమానం దొర్లి నేలకు కొట్టుకున్నది.

"నీ మాట ఇన్లేదా మామా?" అన్నాడు మేనల్లుడు.

విన్నది. నేను చెప్పిందే తప్పు. ముక్కలన్నీ టమాటా పెట్టెల్లో సర్దాము. వాడు మట్టి పైలట్‌ను వెతికి జేబులో వేసుకుని, ఇల్లు చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు. నాకు విమానం పోయినదానికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది.

కొత్త రెక్కలకు ఆరు నెలలు పట్టింది. ఈసారి రెక్క కొసన వెనక అంచు కింద వేలిమందం చెక్కముక్క ఆనించి, జిగురు ఆరేదాకా కదపలేదు. మరుసటి ఏడు అదే చేనులో ఎగరేశాను. బాగా ఎత్తున ఉండగానే కావాలని వేగం తగ్గించి చూశాను. విమానం వణికింది, ముక్కు దించింది, తిన్నగానే కిందికి జారింది. వేగం ఇవ్వగానే సర్దుకున్నది. నా మోకాళ్ళు మటుకు సర్దుకోలేదు!

ఇంకొక చిక్కు ఉన్నది. విమానం మనకేసి వస్తున్నప్పుడు దాని కుడి మన ఎడమ అవుతుంది. అప్పుడు ఏ రెక్క వాలితే ఆ రెక్క వైపుకే పుల్లను నెట్టాలి. ఆ సంగతి చేతికి అలవాటయ్యేదాకా నేను కంప్యూటరు మీద బొమ్మ విమానాలను ఎన్నిటిని కూల్చానో లెక్క లేదు.

విమానం దిగింది. చక్రాలకు మట్టిగడ్డ తగిలి ముక్కుమీద నిలబడింది, ప్రొపెల్లరు విరిగింది. మేనల్లుడు పరుగెత్తిపోయి ముందు పైలట్‌ను చూశాడు. తర్వాత, "మామా, పంకా ఒకటే!" అని అక్కడినుంచే కేకపెట్టాడు.