గోడకుర్చీ

మా గార్ల ఊళ్లో పొద్దున్నే చేతిలో సంచి గానీ భుజాన పార గానీ లేకుండా రోడ్డెక్కిన మనిషిని జనం ఊరికే పోనివ్వరు. "ఏం సారూ, షుగరా?" అంటారు. కాదంటే "మరి బీపీనా?" అంటారు. అదీ కాదంటే ఇంట్లో ఏదో గొడవైందనుకుని మర్యాదగా ఊరుకుంటారు. పనేమీ లేకుండా నడిచేవాడికి ఒక జబ్బైనా ఉండి తీరాలని మన నమ్మకం.

అదే వేళకు అదే రోడ్డు మీద ఇంకో జట్టు ఉంటుంది. పోలీసు కొలువు కోసం ఉరికే పిల్లలు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలి. ఇంట్లోవాళ్ల పుట్టినరోజులు మర్చిపోతారేమో గానీ ఈ లెక్క మర్చిపోరు. తారు మీద సుద్దతో గీసిన గీత దగ్గర ఒకడు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని నిలబడి "ఇంకా ఇరవై సెకండ్లేరా, ఉరుకు!" అని కేకలేస్తుంటాడు. బొటనవేలు దగ్గర చిరిగిన బూటుతో ఒకడు, బూట్లు చేతిలో పట్టుకుని వట్టి కాళ్లతో మరొకడు. ఫలితాలొచ్చిన మర్నాటి నుంచి ఉద్యోగం దొరికినవాడూ పరుగు ఆపేస్తాడు, దొరకనివాడూ ఆపేస్తాడు.

ఇరవై రెండేళ్లకు ఉద్యోగం కోసం, యాభై దాటాక డాక్టరు తిట్టాడని. మన ఊళ్లలో ఒంటిని పట్టించుకునేది ఈ రెండుసార్లే. నడుమ పాతికేళ్లూ అది ఎవరికీ పట్టని ఆస్తి. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల మందికి పైగా దాని అంచున ఉన్నారని తేల్చింది. ఆ అంచున ఉన్నవాళ్లలో చాలామంది ఈ పాతికేళ్ల నడుమే ఉండి ఉంటారని నా అనుమానం.

ఇక్కడ ఒక ఎదురు మాట వస్తుంది. "చేన్ల కష్టం చేసేటోనికి ఎక్సర్‌సైజు ఎందుకు?" న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ కష్టం ఎవరిదో కూడా చూడాలి. మిర్చి ఏరే ఆడవాళ్లు పొద్దుగూకేదాకా నడుం వంచే ఉంటారు. ఆ ఒంటికి కావలసింది ఇంకో గంట కష్టం కాదు, వంగిన నడుమును వెనక్కి సాగదీసే పది నిమిషాలు, ఆపైన నిద్ర. అదే చేను ఆసామి గట్టుదాకా బండి మీద పోతాడు, దున్నడం ట్రాక్టరుకూ కోత హార్వెస్టరుకూ అప్పజెప్పి చెట్టు కింద ఫోన్ మాట్లాడతాడు. తాత తిన్నంత అన్నం తింటాడు, తాత చేసిన పనిలో పావలా వంతు కూడా చెయ్యడు. ఇక దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చునేవాళ్ల గురించీ, మాలాగా కుర్చీలో కూర్చుని రాసుకునేవాళ్ల గురించీ చెప్పేదేముంది.

కూర్చోవడం ఎంత పని చేస్తుందో లండన్ బస్సుల్లో తేలింది. జెర్రీ మోరిస్ అనే డాక్టరు అక్కడి రెండంతస్తుల బస్సుల డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి 1953లో ఫలితాలు ప్రకటించాడు. ఒకే బస్సు, ఒకే డ్యూటీ. రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ, సీట్లో కూర్చున్న డ్రైవర్లకు ఎక్కువ. పండగపూట కిక్కిరిసిన మన ఆర్టీసీ బస్సులో ముందు నుంచి వెనక్కి ఈదుకుంటూ టికెట్లు కొట్టే కండక్టరమ్మను చూసినప్పుడల్లా నాకు ఆ డాక్టరు గుర్తొస్తాడు.

సరే, మొదలుపెట్టాలి. నలభై దాటినవాడు చేసే మొదటి పొరపాటు ఆ పోలీసు పిల్లల పక్కన ఉరకడం. కొత్త బూట్లు కొన్న ఉత్సాహంలో మొదటిరోజే చెరువు కట్ట చుట్టి వస్తాడు. మూడోరోజుకు మోకాలు వాస్తుంది, నాలుగోరోజుకు బూట్లు మంచం కిందికి పోతాయి. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడకలాంటి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అది చేరవలసిన చోటు, బయలుదేరే చోటు కాదు. మొదటివారం రోజుకు పది నిమిషాలు చాలు. తర్వాత వారానికి రెండు మూడు నిమిషాలు కలుపుకుంటూ పోవచ్చు. పదివేల అడుగుల లెక్కను నెత్తిన పెట్టుకోకండి. అది 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషన్ అమ్ముకోవడానికి పెట్టిన పేరు, డాక్టరు రాసిన చీటీ కాదు. నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగానికి ఆ కొలత సరిపోతుంది.

నడక ఒక్కటే చాలదు, కండకూ పని కావాలి. మన తరానికి ఈ విద్య బడిలోనే అబ్బింది, శిక్ష రూపంలో. ఎక్కాలు రాకపోతే గుంజీలు, అల్లరి చేస్తే గోడకుర్చీ, ఆలస్యమైతే గ్రౌండు చుట్టూ రౌండ్లు. ఒంటిని కదిలించడమంటే తప్పు చేసినవాడికి పడే శిక్ష అని అంత చిన్నప్పుడే బుర్రకెక్కాక, పెద్దయ్యాక ఎవడు ఇష్టంగా చేస్తాడు? ఇప్పుడు పట్నం జిమ్ముల్లో నెలకు వేలు తీసుకుని చేయిస్తున్నది ఆ గుంజీలూ గోడకుర్చీలే. ఇంట్లో డబ్బు లేకుండా చేసుకోవచ్చు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా పదిసార్లు లేవండి. అది తేలికయ్యాక గోడకు వీపు ఆనించి కొద్దిగా కిందికి జారి పది సెకన్లు నిలవండి. తొడలు వణుకుతాయి, ఫర్వాలేదు. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు, అలా చేస్తే బీపీ ఎగబాకుతుంది. వారంలో రెండు రోజులు చాలు.

బీపీ, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరుతో ఒక మాట అనుకోవాలి. బీపీ, షుగర్ ఉన్నాయో లేవో తెలియనివాళ్లు సబ్‌సెంటర్‌లో చూపించుకోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు జేబులో బెల్లంముక్కో గ్లూకోజ్ బిస్కెట్లో పెట్టుకోవాలి, ఇంటికొచ్చాక అరికాళ్లు చూసుకోవాలి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, చెమటలు పట్టి కళ్లు తిరిగినా "గ్యాసేలే" అని సోడా తాగి మళ్లీ నడిచేవాళ్లను చూస్తే నాకు భయం. అక్కడే కూర్చుని 108కి ఫోన్ చెయ్యాలి. ఎండాకాలమైతే పొద్దు పొడవకముందే నడక ముగించాలి. రోడ్డు మీద ఎదురొచ్చే బండి కనపడేలా కుడిపక్క నడవాలి. ఇక చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రైలు పట్టాల వెంట నడిచేవాళ్లున్నారు. కాజీపేట, విజయవాడ లైను అది, క్షణం తీరిక లేనిది. వాళ్ల ఆరోగ్యం గురించి నేనేం చెప్పను.

ఈ జాగ్రత్తల్లో సగం ఎవరూ చెప్పకుండానే చేసేవాళ్లు ఆడవాళ్లు. చీర మీద స్వెట్టరు, కాళ్లకు కొడుకు వదిలేసిన స్పోర్ట్స్ బూట్లు. ముగ్గురు నలుగురు కలిసే బయలుదేరతారు. ఒంటరిగా వెళ్తే కుక్కలకూ భయమే, మాటలకూ భయమే. కబుర్లు చెప్పుకుంటూ నడుస్తారు కాబట్టి వేగం దానంతటదే అదుపులో ఉంటుంది. ఎత్తు ఎక్కేచోట కబుర్లు తెగితే "ఆగు వదినా, ఆయాసమొస్తుంది" అని ఒకరు అంటారు, అందరూ ఆగుతారు. పోటీ లేదు, సిగ్గు లేదు.

జనవరిలో మిర్చి ఏరుడు మొదలైతే ఆ జట్టు చెదిరిపోతుంది. ఏరుడు అయిపోయాక మళ్లీ కలుస్తారు. అలా నెలా రెండు నెలలు ఆగినవాళ్లు ఆపిన చోటునుంచి అందుకోకూడదు. ముప్పై నిమిషాల దగ్గర ఆపి ఉంటే పదిహేను నుంచి మొదలుపెట్టాలి.